ఇంజనీరుగారి బూట్లు తడవలేదు

మా కాలనీ మొదట్లో రోడ్డు మీద మురుగునీరు నిలబడి నెలలైంది. పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని స్కూలు ఆటో దాకా నడుస్తున్నారు. మా సంఘం వాళ్ళు తిరగ్గా తిరగ్గా, స్వయంగా చూడ్డానికి మున్సిపాలిటీ ఇంజనీరుగారు ఈ రోజు వస్తానన్నారు.

పొద్దున్నే వెళ్ళి చూద్దును కదా, రోడ్డు పొడిగా ఉంది! మా సంఘం ప్రెసిడెంటు బాబాయిగారు రొయ్యల చెరువు మోటారు తెప్పించి, నీళ్ళన్నీ పక్క ఖాళీ స్థలంలోకి తోడించేశారు. బ్లీచింగ్ పౌడరు చల్లించి, కుర్చీలు వేయించి, కొబ్బరి బొండాలు కూడా సిద్ధం చేశారు.

"ఇదేంటండీ బాబాయిగారూ! ఆయన వచ్చేది ఆ మురుగు చూడ్డానికే కదండీ?" అన్నాను.

"అంత పెద్దాయన మన వీధికొస్తుంటే బురదలో నడిపిస్తామేంటమ్మా? ఏవనుకుంటారు?" అన్నారాయన.

ఇంజనీరుగారు వచ్చారు. బొండం తాగి, అటూ ఇటూ చూసి, "నీళ్ళెక్కడండీ? బాగానే ఉంది కదండీ మీ రోడ్డు" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే మావాళ్ళంతా "ఆయ్, అంతా మీ దయండీ" అనేశారు! ఫోన్లో ఫోటోలు చూపించబోతే, "భోజనాల వేళ ఆయనకా మురికెందుకమ్మా" అని బాబాయిగారే అడ్డం పడ్డారు. పైగా శాలువా కప్పి పంపించారు.

సాయంత్రానికి నీళ్ళన్నీ ఖాళీ స్థలంలోంచి తిరిగి రోడ్డెక్కాయి. ఇంజనీరుగారు తాగి పడేసిన బొండం వాటి మీద తేలుతోంది.

ఇంత మర్యాద మీ వీధిలో కూడా ఉందా, మాకొక్కళ్ళకే పట్టిందా? ఆయన బూట్లు మాత్రం తడవలేదు లెండి. మా పిల్లల బూట్లు రేపు మళ్ళీ చేతుల్లోనే.