బొట్టు పెట్టిన క్యాసెట్టు

నా చిన్నప్పుడు చెప్పాల్సిన మాటొకటి చెప్పకుండా మింగేశాను. దానివల్ల ఒక పెద్దావిడ తాను చేయని తప్పును తనదేననుకొని ముప్పై ఏళ్లకు దగ్గరగా బతికింది. ఆ తప్పు ఆమెది కాదు, నాది. ఆ సంగతి సరిగా రాసిపెట్టాలనే ఇది రాస్తున్నాను.

అవి ఎనభైల నడిమి రోజులు. తిరుపతిలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఆ ఇంట్లో ఒక అవ్వ, డిగ్రీ చదివే ఆమె కూతురు ఉండేవాళ్లు. ఆ కూతురే మా పక్కింటి అక్క. అవ్వ కొడుకు కువైట్‌లో పనిచేసేవాడు. అంత దూరం పోవద్దని అవ్వ, పోయి తీరతానని ఆయన బాగా పోట్లాడుకున్నారట. వెళ్లే రోజు ఆయన అమ్మ చేతి అన్నం కూడా ముట్టకుండా బస్సెక్కాడని మా అమ్మ చెప్పేది.

ఏడాది గడిచాక, ఊరికి వస్తున్న ఒక స్నేహితుడి చేత ఆయన రెండు వస్తువులు పంపాడు. అమ్మకు టేప్‌రికార్డరు, చెల్లెలికి ఒక చిన్న కంప్యూటరు. వాటితో పాటు తన గొంతు నింపిన క్యాసెట్టు ఒకటి. అవ్వకు చదువు రాదు. ఉత్తరం వస్తే ఇంకొకరి చేత చదివించుకోవాలి. ఈ క్యాసెట్టుకు మటుకు ఎవరితోనూ పనిలేదు. మధ్యాహ్నం పూలు కట్టడం కాగానే తలుపు దగ్గరగా వేసుకొని తానే బటను నొక్కుకునేది. గోడ ఇవతల నాకు వినపడేది: "అమ్మా, నేను ఇక్కడికి కోపంతో రాలేదు. నువ్వట్ల మనసులో పెట్టుకోవద్దు." అక్కడ టక్కున ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ అదే వినేది. తర్వాత అరగంట సేపు ఆయన ఎండల గురించీ తిండి గురించీ చెప్పినదంతా ఎప్పుడో గానీ వినేది కాదు.

అదే టేప్‌రికార్డరు అక్క కంప్యూటరుకూ కావాలి. ఆ కంప్యూటరును టీవీకి తగిలించి, ఆటను క్యాసెట్టు నుంచి ఎక్కించుకోవాలి. అక్కా నేనూ ఆడే ఆటలో చీకటి గుహలు, తాళాలు, ఎక్కడో ఒక నిధి. కరెంటు పోతే వారం రోజుల గుహలన్నీ మాయం. అందుకని ఎంతవరకు వచ్చామో అదీ క్యాసెట్టులోనే దాచుకునేవాళ్లం. కంప్యూటరు కీచుమని అరిచే అరుపును టేపు పట్టి ఉంచేది. మళ్లీ వినిపిస్తే ఆగిన చోటి నుంచి ఆట మొదలయ్యేది.

ఆ విద్య నాకు నేర్పింది అక్కే. టేపును మొదటికి తిప్పి, అంకెలు తిరిగే చక్రాన్ని సున్నాకు తెచ్చి, ఏ అంకె దగ్గర దాచామో నోటుబుక్కులో రాయమనేది. రాయకపోతే వెతికి వెతికి చావాల్సి వచ్చేది. ఒకసారి నా టేపు మిషనులో చిక్కుకొని నలిగితే, పెన్సిలు దూర్చి ఓపికగా చుట్టి ఇచ్చింది. "ఏడ్సొద్దులేరా, బతికింది. ఇంకోసారి నలిగితే నీ గుహలన్నీ గోవిందా. ఇంకో క్యాసెట్టులో కూడా ఎక్కించి పెట్టుకో. పేరు రాసిన వాటి జోలికి పోవద్దు, ఖాళీది సూసి తీసుకో" అంది.

దసరా సెలవుల్లో, ఆయుధపూజ అయిన రెండోనాడు, నాకు మూడో తాళం దొరికింది. వెంటనే ఇంకో చోట దాచాలని తొందర పుట్టింది. అక్క స్నేహితురాళ్లతో కొండకు పోయింది. అవ్వ పెరట్లో ఉంది. అలమారలో పేరు రాయని క్యాసెట్టు ఒక్కటే కనిపించింది. దాని మీద కుంకుమ బొట్టు ఉంది. పూజ రోజున టీవీకీ, కంప్యూటరుకూ, నా ఆట క్యాసెట్టుకూ కూడా అవ్వ బొట్లు పెట్టింది కాబట్టి నాకు అనుమానం రాలేదు. చదువు రాని అవ్వ, కొడుకు క్యాసెట్టును గుర్తుపట్టడానికి ఎప్పుడో పెట్టుకున్న బొట్టు అదని నాకేం తెలుసు? కానీ ఒక్కసారి పెట్టి వినివుంటే తెలిసేది. వినలేదు.

దాచడం అయ్యాక, సరిగా ఎక్కిందో లేదోనని మొదటి నుంచి పెట్టాను. నాలుగు నిమిషాల కీచు అయిపోగానే, మాట మధ్యలో నుంచి కువైట్ అన్న గొంతు వచ్చింది. అది అవ్వ రోజూ వినే క్యాసెట్టు. అక్క ఆ కీచు వింటే ఇది నా పనేనని ఇట్టే కనిపెడుతుంది. టేపును వెనక్కి తిప్పి, కంప్యూటరును ఆపేసి, రికార్డు చేయడానికి నొక్కే రెండు బటన్లూ కలిపి నొక్కి, ఆ నాలుగు నిమిషాలనూ ఏ చప్పుడూ లేకుండా చెరిపేశాను. మొదటిది పొరపాటు. ఇది మాత్రం తెలిసి చేసింది.

ఆ సాయంత్రం అక్క వచ్చేసరికి అవ్వ టేప్‌రికార్డరు ముందు కూర్చుని ఉంది. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను.

"అబ్బోడి గొంతు యాడికి పోయిందో సూడే. ముందర ఏమీ పలకడంల్యా."

అక్క కాసేపు విని, "రెండు బటన్లూ ఒక్కతూరే నొక్కినట్టుండావు మా. నీకెన్నిసార్లు చెప్పినాను, సూసి నొక్కమని?" అంది.

అవ్వ తన వేళ్ల వైపు చూసుకుంది. "నొక్కినానేమో" అంది.

నేను గడప దిగి మా ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత అవ్వ ఆ మిషనును తనంతట తాను ముట్టుకోలేదు. ఎవరైనా పెట్టిస్తే వినేది, అదీ మిగిలిన భాగమే. పోయిన మాటను మళ్లీ చెప్పమని కొడుకును ఎప్పుడూ అడగలేదు. ఇంటికి ఫోను వచ్చినా, రంగుల టీవీ వచ్చినా బటన్లకు దూరంగానే ఉండేది. "నా చెయ్యి మంచిది కాదు, నువ్వే నొక్కప్పా" అని నన్నే పిలిచేది. నేను వెళ్లి నొక్కేవాణ్ణి.

పెద్దయ్యాక నాది కంప్యూటర్ల ఉద్యోగమే అయింది. ఏ ఫైలునైనా రెండు చోట్ల దాచడం అక్క నేర్పిన అలవాటు. ఒకదాని మీద ఇంకొకటి రాసేముందు అందులో ఏముందో తెరిచి చూడకుండా చేయి కదలకపోవడం ఆ మధ్యాహ్నం నుంచి వచ్చింది. నేను నా ఆటకు రెండో ప్రతి చేసుకోవడానికి, రెండో ప్రతి లేని మాటను చెరిపేశాను.

పదేళ్ల కిందట పాకాలలో అక్క ఇంటికి వెళ్లాను. అవ్వకు ఎనభై దాటాయి. కువైట్ నుంచి వచ్చేసిన అన్న కూడా అక్కడే ఉన్నాడు. ఎవరూ వినకుండా చెబుదామని అవ్వ మంచం పక్కన కూర్చొని, మెల్లగా మొదలుపెట్టాను.

"గట్టిగా చెప్పప్పా, చెవులు సరిగా పనిచెయ్యవు."

కొంచెం పెంచాను. క్యాసెట్టు అనే మాట ఒక్కటే అందింది ఆమెకు. "క్యాసెట్లు ఇంకా యాడుండాయప్పా? పారేసినారు గదా" అని నవ్వింది.

ఇక దాచుకొని చెప్పే దారి లేకపోయింది. ఆమె చెవి దగ్గర వంగి, వంటింట్లో ఉన్న అక్కకూ వసారాలో ఉన్న అన్నకూ వినపడేంత గట్టిగా అరిచి చెప్పాను.

"అవ్వా, కువైట్ నుంచి వచ్చిన క్యాసెట్టులో అన్న మాట చెరిపింది నేను. కోపంతో రాలేదని అన్న చెప్పిన మాట. నువ్వు ఏ బటనూ తప్పుగా నొక్కలేదు. అది తెలిసి కూడా నేను ఇన్నేళ్లూ చెప్పలేదు. నన్ను మన్నించు."