వంద నుంచి సున్నాకి

నేను ముప్ఫై నాలుగేళ్ళు రైలింజను నడిపాను. అందులో ఎక్కువ భాగం నడికుడి మీదుగా సిమెంటు, సున్నపురాయి మోసే గూడ్సు బళ్ళే. యాభై ఎనిమిది వ్యాగన్ల నిండు బండి కదలడం ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. హ్యాండిల్ ఒక్కో మెట్టే తిప్పుకుంటూ, వెనకాల వ్యాగన్లు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటున్న చప్పుడు వింటూ కూర్చోవాలి. బండి అరవై అందుకునేలోపు ఒక ఊరు దాటిపోతుంది. వేగమంటే ఓపిగ్గా కూడబెట్టుకునేదని నా నమ్మకం. రిటైరైన రెండో ఏడు, ఒక ఆదివారం పొద్దున, ఆ నమ్మకం ఐదు సెకన్లలో పోయింది.

మా మేనకోడలు డాక్టరు. నరసరావుపేటలో ఆపరేషన్లకి మత్తు ఇస్తుంది. రోజంతా మనుషుల ఊపిరి చూస్తూ కూర్చునే పిల్ల, చానా నెమ్మదస్తురాలు అని అందరికీ చెప్పుకునేవాణ్ణి. అలాంటిది ఒకరోజు ఎవరో వాడి అమ్మేసిన స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చి మా ఇంటి ముందు ఆపింది. రెండే సీట్లు. ఎత్తు నా నడుము దాటలేదు.

"ఇందులో కూర్చోవాలా, పడుకోవాలా?" అన్నాను.

"ఆదివారం చూద్దువులే మామయ్యా. అమ్మ కూడా వస్తంది," అంది నవ్వుతూ.

వాళ్ళమ్మ అంటే నా చెల్లెలు. బెల్లంకొండ దగ్గర మిరప, పత్తి వేస్తుంది. వాళ్ళాయనకి నడుము నొప్పి మొదలైనప్పటి నుంచి ట్రాక్టరు తనే నడుపుతుందని నాకు తెలుసు. కానీ నడుపుతుండగా ఎప్పుడూ చూడలేదు.

ఆదివారం ఏంటంటే, మా మేనకోడలితో బడిలో చదువుకున్న అబ్బాయి ఒకడు కాంట్రాక్టరయ్యాడు. నకరికల్లు వైపు పడుతున్న కొత్త బైపాస్ మీద కల్వర్టులు కట్టేది అతనే. అతని దగ్గర కరెంటు కారుంది. మూడు నెలలుగా ఫోనులో ఇద్దరికీ ఒకటే గొడవ, ఎవరి కారు సున్నా నుంచి వందకి ముందు చేరుద్దా అని. బైపాస్ ఇంకా ప్రారంభం కాలేదు కాబట్టి అక్కడే తేల్చుకుందామనుకున్నారు. రెండు చివర్లా డ్రమ్ములు అడ్డం పెట్టించి మనుషుల్ని కాపలా ఉంచానని కాంట్రాక్టరు చెప్పాడు. నన్నూ, చెల్లెల్నీ తన కారులోనే తీసుకెళ్ళాడు.

పోటీ అంటే రెండు కార్లూ పక్కపక్కన పరిగెత్తుతాయనుకున్నాను. అలా కాదు. సబ్బుబిళ్ళంత నల్ల పెట్టె ఒకటి అద్దానికి అంటించారు. అది ఉపగ్రహాలని పట్టుకుని వేగం కొలుస్తుందట. అసలు కొలతకి ముందే వాళ్ళ వాదన మొదలైంది. టైర్లలో గాలి ఇద్దరికీ సరిచూడాలి. రోడ్డు కాస్త వాలుగా ఉంటుంది కనుక పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి కొలిచి సగటు తీయాలి. కంపెనీవాళ్ళు చెప్పే అంకె నమ్మకూడదు, ఎందుకంటే మొదటి అడుగు దూరం వాళ్ళు లెక్కలో వేసుకోరు.

"అంకుల్, మీ బరువెంత?" అన్నాడు కాంట్రాక్టరు.

"డెబ్బై ఎనిమిది. ఏం?"

"మీరు కూర్చుంటే టైము కాస్త పెరుగుద్ది. రాసుకోవాల గదా."

నాలుగు వేల టన్నులు లాగినవాణ్ణి, నా బరువుకి టైము పెరుగుతుందంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా మేనకోడలు ఒంటరిగా పోతే నాలుగు పాయింట్ ఏడు వచ్చింది. తర్వాత నన్ను ఎక్కించుకుంది. ఎడమకాలు బ్రేకు మీద, కుడికాలు ఎక్సలేటరు మీద నొక్కిపట్టింది. ఇంజను నా వెనకే గర్జిస్తోంది.

"తల సీటుకి ఆనించు మామయ్యా."

"ఎందుకే?" అనబోయాను. 'ఎం' దగ్గరే మాట ఆగిపోయింది. ఎవరో రెండు చేతులతో నా గుండె మీద తోసినట్టయింది. కళ్ళజోడు వెనక్కి నొక్కుకుని ముక్కుకి గుచ్చుకుంది. రోడ్డు పక్క పత్తిచేలు కలిసిపోయి తెల్లచారలయ్యాయి. పెట్టె కూత పెట్టింది. వంద. ఊపిరి తీసుకోవడం మర్చిపోయానని అప్పుడు తెలిసింది.

"నాలుగు పాయింట్ తొమ్మిది. ఎట్టా ఉంది?"

ఎన్నో ఏళ్ళు ఇంజనులో కూర్చున్న ఒళ్ళు ఇది. దీనికి తెలియని కుదుపు లేదనుకున్నాను.

తర్వాత కరెంటు కారు వంతు. గర్జన లేదు, పొగ లేదు. టైర్ల కింద ఇసుక చిటపటలాడిన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నాలుగు పాయింట్ రెండు. మా మేనకోడలు ముఖం మాడిపోయింది.

"చప్పుడు లేని గెలుపు కూడా ఒక గెలుపేనా?" అంది.

"అంకె చూడు తల్లీ, అంకె," అన్నాడు కాంట్రాక్టరు.

అంతసేపూ సిమెంటు దిమ్మె మీద కూర్చుని జామకాయ తింటున్న మా చెల్లెలు లేచి, చేతులు చీరకొంగుకి తుడుచుకుంది.

"ఏమే, నేనోసారి తోలొచ్చా?"

ముగ్గురం ఆమె వంక చూశాం. కూతురు తన కారులో రెండుసార్లు నెమ్మదిగా తిప్పించి, ఏ కాలు ఎక్కడ పెట్టాలో నేర్పింది. చెల్లెలు చెప్పులు విడిచి పక్కన పెట్టింది. నేను పక్క సీట్లో కూర్చోవాలని మేనకోడలే పట్టుబట్టింది. "నాతో కూడా నువ్వే కూర్చున్నావు గదా మామయ్యా. అప్పుడు తేడా డ్రైవరుదే అవుద్ది."

నా చెల్లెలు స్టీరింగు పట్టుకున్న తీరు చూస్తే ఆటకి కూర్చున్నట్టు లేదు. పెదాలు బిగించి రోడ్డు చివరిదాకా ఒకసారి చూసింది. బ్రేకు వదిలింది. మళ్ళీ అదే తోపు. ఈసారి ఊపిరి పట్టుకుని ఉన్నాను కాబట్టి కళ్ళు తెరిచే ఉంచగలిగాను. పెట్టె కూసింది.

ఆ కూతతో పాటే ఎడమవైపు చేలగట్టు మీద నుంచి ఒక మోటార్‌సైకిల్ రోడ్డెక్కింది. మగమనిషి తోలుతున్నాడు. వెనక ఆడమనిషి, ఒళ్ళో క్యారేజీ.

నా కుడిచెయ్యి గాల్లోకి లేచింది. ఇంజనులో బ్రేకు హ్యాండిల్ ఉండే చోటుకి వెళ్ళి ఖాళీ పట్టుకుంది. ఇంక అంతేనని నా ఒళ్ళు నిశ్చయించుకుంది. చూడటమే తప్ప చేసేదేమీ లేదు. మోటార్‌సైకిలతను తల తిప్పి మమ్మల్ని చూసి, అక్కడే కాళ్ళు ఆనించి నిలబడిపోయాడు.

బెల్టు నా ఛాతీని కోసినట్టు పట్టింది. కారు ముక్కు కిందికి వంగింది. ఆగింది.

ఆగిపోయింది. మోటార్‌సైకిల్‌కీ మాకూ మధ్య ఇంకా పది గజాల రోడ్డు మిగిలే ఉంది.

"ఏందమ్మా ఆ తోలుడు?" అతను బండి దిగకుండానే అరిచాడు. "మా చేలోకి దారి ఇదే. ఎవడన్నా ఒక మాట చెప్పాడా మాకు?"

మా చెల్లెలు దిగి చేతులు జోడించింది. "తప్పయిపోయింది తమ్ముడా. రెండు చివర్లే చూసుకున్నాం. మధ్యలో దారుందని అనుకోలా."

"అనుకోవాల గదా!" అని, కోపం కాస్త తగ్గాక కారు వంక చూశాడు. "ఎంత పోద్దేంది ఇది?"

వెనకున్న ఆడమనిషి అతని వీపు మీద గట్టిగా చరిచింది. "పోనీయ్ బండి! చావు తప్పిందని ఉందా నీకు?"

వాళ్ళు రోడ్డు దాటి అవతలి చేలోకి దిగిపోయారు. నేను మాత్రం కారులోంచి లేవలేకపోయాను. ముఖం తడిగా ఉందని చెల్లెలు కొంగుతో తుడిచినప్పుడు గానీ తెలియలేదు.

"అన్నయ్యా, ఏం కాలా గదా. ఎందుకట్టా అయిపోయావు?"

"ఆగింది," అన్నాను. "అది కాదే. ఆగింది."

ఆమెకి అర్థం కాలేదు. అప్పుడు చెప్పాను. నా సర్వీసులో నాలుగుసార్లు పట్టాల మీద మనుషులు కనపడ్డారు. నాలుగుసార్లూ బ్రేకు పూర్తిగా వేశాను, హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నిండు గూడ్సు బండి కిలోమీటరు దాకా పోతేగానీ ఆగదు. రెండోసారి కనపడిన మనిషి సైకిలు పట్టాల్లో ఇరుక్కుంటే లాక్కుంటూ ఉన్నాడు. తల ఎత్తి నా వంకే చూశాడు. ఈ సంగతి నేను మా ఆవిడకి కూడా చెప్పలేదు. కాగితాలు నింపి, సంతకం పెట్టి, తర్వాతి డ్యూటీకి ఎక్కేవాణ్ణి. కనపడ్డాక ఆగడమన్నది ఈ లోకంలో లేదనే నా బుర్రలో ఎప్పుడో స్థిరపడిపోయింది.

మా చెల్లెలు కారు పక్కన రోడ్డు మీదే చతికిలబడి నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్ళు ఎట్టా మింగావురా అన్నయ్యా," అంది. చిన్నప్పుడు తప్ప తను నన్ను 'రా' అన్నది లేదు.

మేనకోడలు, కాంట్రాక్టరు పరిగెత్తుకొచ్చారు. అతను తెల్లబోయి ఉన్నాడు. కాపలా మనుషులకి ఫోను చేసి, గట్టు దారులన్నిటి దగ్గరా ఒకసారి చూసిరమ్మన్నాడు, అంతా అయిపోయాక. తర్వాత వచ్చి నల్ల పెట్టెని అద్దం మీద నుంచి ఊడదీశాడు.

"దాంట్లో ఆగింది కూడా ఉంటదా?" అని అడిగాను.

మేనకోడలు పెట్టె పంపిన లెక్కలు ఫోనులో చూసింది. వాళ్ళమ్మ వందకి చేరింది నాలుగు పాయింట్ ఎనిమిదిలో. నాతో కలిసి తను చేసినదానికంటే మెరుగే. కానీ ఆ అంకె ఎవరూ పైకి చదవలేదు. దాని కిందది చదివింది.

"నూట మూడు నుంచి సున్నాకి మూడు సెకన్లు. నలభై రెండు మీటర్లు."

"మీరు ఇది పోల్చుకోరా?"

"మా కార్లవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇది ఎవరూ పెట్టరు మామయ్యా," అంది తల దించుకుని.

నేను కారు దిగి, టైర్లు రోడ్డు మీద సన్నగా గీసిన చారల వెంట అంగలు వేస్తూ వెనక్కి నడిచాను. నలభై ఆరు అంగల్లో చారలు అయిపోయాయి. నమ్మకం కుదరక మళ్ళీ నడిచాను. ఈసారి నలభై అయిదు.

ఆ పూట ఇంకెవరూ పోటీ మాట ఎత్తలేదు. బైపాస్ చివరున్న డ్రమ్ముల దాకా ఆ కారుని మా చెల్లెలే నడిపింది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. ముల్లు ముప్ఫై దాటలేదు. చేలగట్టు దారి వచ్చిన ప్రతిచోటా ఆపి, అటూ ఇటూ చూసి పోనిచ్చింది.