పెదనాన్న ఎర్రక్షరాల మెయిల్

ఇది ఒక మహాకావ్యం. ఇందులో దూత ఉన్నాడు, ఎదురుచూపు ఉంది, కమ్ముకొస్తున్న మేఘాలున్నాయి, ఎటు చూసినా ఎరుపే. ఇలా మొదలుపెడదామనుకున్నాను గానీ, జరిగింది చెప్పాలంటే మా పెదనాన్న ఒక మెయిల్ పంపాడు, అది చేరలేదు. దూత అంటే ఇంటర్నెట్టు.

పోయిన వేసవి మొదట్లో సంగతి. ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో పెదనాన్న మిరపకాయలు కళ్ళంలో ఎండుతున్నాయి. హైదరాబాదులో ఒక పచ్చళ్ళ కంపెనీ రైతుల దగ్గర నేరుగా కొంటుందని ఆయన విన్నాడు. ఫోన్ చేస్తే అక్కడి ఆఫీసరు, "ఫొటోలు, వివరాలు మెయిల్ పెట్టండి, నచ్చితే వచ్చి చూస్తాం" అన్నాడు. సాయంత్రానికల్లా కంపెనీ కారు వస్తోందని ఊరంతా తెలిసిపోయింది. చెప్పింది పెదనాన్నే. ఇక ఆ సరుకు గుంటూరు మిర్చి యార్డుకు తోలడానికి పరువు అడ్డం.

బీటెక్ చదివి ఇంట్లో ఉన్నాను కాబట్టి మెయిల్ నా శాఖ. రెండు లైన్లు కొట్టాను. పెదనాన్న వెనక నిలబడి చూశాడు.

"నల్లక్షరాలేంట్రా? మచ్చలు పడ్డ కాయ అనుకోడూ? ఎరుపు పెట్టు."

"చదవడానికి నలుపే బాగుంటుంది పెదనాన్నా."

"కాయ రంగు తెలియాలా వద్దా? పెద్దవి చెయ్. ఇంకా పెద్దవి. యార్డులో అందరూ అరుస్తుంటారు, మనది వినపడొద్దూ?"

పైన సబ్జెక్టులో ఇంగ్లీషు పెద్దక్షరాలతో అర్జంటనీ, గ్యారంటీ అనీ, నంబర్ వన్ కాయ అనీ రాయించాడు. ఆ తర్వాత ఆశ్చర్యార్థకాలు, ఆయన చాలనేదాకా.

జవాబు రాలేదు. మర్నాడు అక్షరాలు ఇంకొంచెం పెంచి మళ్ళీ పంపాం. జవాబు రాని కొద్దీ అవి పెరుగుతూ పోయాయి. చివరికి స్క్రీనుకు ఒక్క మాట పట్టింది.

ఈలోగా మబ్బు పట్టింది. కాయల మీద పట్టాలు కప్పడం, తీయడం పెద్దమ్మ పని.

"ఆ ఆఫీసరుకు ఒక్క ఫోను చేసి అడగొచ్చుగా" అంది.

"మనం చేస్తే మనకే అవసరమని తెలిసిపోద్ది. ఆయనే చెయ్యాలి" అన్నాడు పెదనాన్న.

మిరప బేరంలో ముందు నోరు తెరిచినవాడు తగ్గాల్సిందే. మెయిల్ ఎన్నిసార్లు పంపినా ఆయన లెక్కలో నోరు తెరిచినట్టు కాదు.

నేను విచారణ మొదలుపెట్టాను. పంపినవాటిలో మెయిల్ ఉంది. అడ్రసు అక్షరం అక్షరం చూశాను, సరిగ్గానే ఉంది. తిరిగొచ్చిందీ లేదు. బరువెక్కువైందేమోనని ఫొటోలు తీసేసి పంపాను, ఊహూ. చివరికి అదే మెయిల్ పెదనాన్న ఫోన్లోంచి నాకు పంపుకున్నాను. నాకూ కనపడలేదు. స్పామ్ ఫోల్డరు తెరిస్తే లాటరీ తగిలిందన్న మెయిల్‌కీ బట్టతల మందుకీ మధ్య, వాటికంటే ఎర్రగా ఉంది.

"చెత్తలో పడుతోంది పెదనాన్నా. అంత అరిస్తే మోసమనుకుంటోంది."

"ఎవరనుకునేది?"

"మిషను."

"మిషనుకు కాయ గురించి ఏం తెలుసురా?"

నల్లక్షరాలతో ఇంకోటి నాకు పంపి చూశాను. అదీ చెత్తలోకే పోయింది. ఇన్నాళ్ళ అరుపుల తర్వాత మామూలుగా మాట్లాడినా మిషను నమ్మడం లేదు. ఆఫీసరే తెరిచి చూడాలి. చూడమనాలంటే ఫోన్ చెయ్యాలి. పెదనాన్న ఆకాశం వైపు చూశాడు, తర్వాత ఫోన్ వైపు చూశాడు, తర్వాత టీ అడిగాడు.

ఫోన్ పెద్దమ్మ తీసుకుంది.

"అయ్యా, మేం కాయల గురించి చెయ్యలేదు. మాకేం తొందర లేదు. మీ మెయిల్లో చెత్త పేరుకుపోయిందంట, మా పిల్లోడు చెబుతున్నాడు. ఒకసారి చూసుకోండి."

పెద్దమ్మ స్పీకరు పెట్టింది. ఆఫీసరు వెతుకుతున్నాడు.

"దొరికిందమ్మా. మీదొక్కటే కాదు, మీ చుట్టుపక్కల ఊళ్ళవి చాలా ఉన్నాయి. అందరివీ ఎరుపే."

పెదనాన్న ముఖం నల్లబడింది. "ఎవడెవడు రాశాడో కనుక్కోరా" అన్నాడు నాతో. కంపెనీ సంగతి ఊరంతా చెప్పింది ఎవరో నేను గుర్తు చేయలేదు.

ఆ సాయంత్రం చినుకులు పట్టాలు తడిపి ఊరుకున్నాయి. మర్నాడు కారు వచ్చింది. ఆఫీసరు గుప్పెడు కాయలు తీసుకుని, ఒకటి విరిచి, గింజ చూసి, సరుకు తీసుకుంటామన్నాడు. మెయిల్ ఊసే ఎత్తలేదు.

స్పామ్‌లో పడ్డ మెయిళ్ళు కొన్నాళ్ళకు వాటంతటవే చెరిగిపోతాయి కాబట్టి, ఆ ఫోల్డరు అప్పుడప్పుడూ తెరిచి చూసుకోవాలి.