బోటి కడిగిన గంగాళం

మడకశిర దగ్గర ఒక పల్లెలో పుట్టువెంట్రుకల విందుకు వెళ్లినవాళ్లలో చాలామంది వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. నమూనాలు తేవడానికి మా ల్యాబు నుంచి నేను వెళ్లాను. అప్పటికే తీర్పు అయిపోయింది. విందు పెట్టిన పెద్దాయన వంట చేసిన సాయబు మీద విరుచుకుపడుతున్నాడు.

“నీ కూర తిని జనం చస్తాండారు! ఇంగ ఈ చుట్టుపక్కల నిన్నెవురు గంటె పట్టనిస్తారో చూస్తా!”

ముప్పై ఏళ్లుగా పొట్టేళ్లు కోసి, వండి బతికిన మనిషి తల వంచుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. పరీక్ష కాకముందే తీర్పు చెప్పేస్తే ఇక నేనెందుకు, నా సీసాలెందుకు?

“ముందు జబ్బుపడినవాళ్లను చూపించండి” అన్నాను.

మొదట కనిపించింది పెద్దాయన కోడలే. గోడకు ఆనుకుని కూర్చుంది.

“కూర ఎంత తిన్నావమ్మా?”

“నేను నీచు ముట్టనే ముట్టను మేడం. పొద్దున టిఫినుకు బొరుగుల ఉగ్గాని తిన్నా, అంతే.”

ఇంటింటికీ తిరిగి అదే అడిగాను. ఉగ్గాని తిన్నవాళ్లు జబ్బుపడ్డారు. మధ్యాహ్నం కూరకు మాత్రమే వచ్చినవాళ్లు దుక్కల్లా ఉన్నారు! ఒకరి ఫ్రిజ్‌లో ఉగ్గాని మిగిలి ఉంది. దాన్నీ, రోగుల మలాన్నీ, పొట్టేళ్లను కొన్న మందలోని పెంటికలనూ తీసుకుని ల్యాబుకు పరుగెత్తాను.

మూడో రోజు, నమూనాల్లోని క్రిములను పెంచిన పళ్లేల మూతలు తీశాను. అబ్బ! ఎర్రటి పళ్లేల్లో నల్లటి చుక్కలు, మూడింటిలోనూ! సాల్మొనెల్లా క్రిమి! కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. మూడింటిలోదీ ఒకటే రకమని మిగతా పరీక్షలూ తేల్చాయి. మరి గొర్రె పేగుల్లోది ఉగ్గానిలోకి ఎలా వచ్చింది? మళ్లీ బస్సెక్కాను.

“బొరుగులు దేంట్లో నానబెట్టారు?”

కోడలు పెరట్లో గంగాళం చూపించింది. “పొద్దున్నే మామ దాంట్లోనే పొట్టేళ్ల బోటి, పేగులన్నీ కడిగినాడు. రెండు చెంబుల నీళ్లతో తొలిపి మాకిచ్చినాడు.”

కూర గంటసేపు కుతకుత ఉడికింది, అందులో ఈ క్రిమి బతకదు. నానిన బొరుగులను మాత్రం పోపులో ఇలా తిప్పి అలా దించేశారు. ఆపైన గంటలకొద్దీ బుట్టలోనే ఉంచారు. ఇదంతా పెద్దాయనకు విడమరిచి చెప్పాను. నాకైతే, దాచడమెందుకు, లోపల భలే సంబరంగా ఉంది.

ఆయన నేరుగా సాయబు ఇంటికి నడిచాడు. వెనకే నేనూ వెళ్లాను.

“ఏమప్పా, తప్పు నాదే. ఊరందరి ముందర చెప్తా. వచ్చే నెల మా చిన్నోడి పెండ్లి. నువ్వే వండాల.”

సాయబు భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

“వస్తాన్నా. గంగాళం మాత్రం మా ఇంటిది తెచ్చుకుంటా. నువ్వు దాని పక్కకు రావద్దు.”