బ్రేకుకి కొబ్బరినూనె

నాకు సైకిల్ తొక్కడం రాదని ఎవరూ అనలేరు. ఆపడం రాదని మాత్రం న్యూజెర్సీలో ఇద్దరికి తెలుసు. ఒకరు మా అమ్మాయి, ఇంకొకటి ఓ గోధుమరంగు గుర్రం. గుర్రం ఎవరికీ చెప్పదు. మా అమ్మాయి చెప్పేలోపు నేనే చెప్పేసుకుంటే కాస్త పరువైనా మిగులుతుందని ఇది రాస్తున్నాను.

2012లో మేం ఎడిసన్‌లో ఉండేవాళ్లం. మా అమ్మాయికి పదిహేనేళ్లు. స్కూల్లో ఫ్రెంచ్ తీసుకుంది. స్పానిష్ తీసుకోమని నేను చెప్పినందుకే ఫ్రెంచ్ తీసుకుందని నా అనుమానం. ఫిబ్రవరిలో ఒకరోజు ఓ కాగితం తెచ్చి నా కాఫీ కప్పు పక్కన పెట్టింది. వాళ్ల ఫ్రెంచ్ టీచర్ వేసవి సెలవుల్లో పన్నెండు మంది పిల్లల్ని ఫ్రాన్స్ తీసుకెళ్తుందట. అక్కడ పది రోజులు మౌంటెన్ బైకుల మీదే, అంటే కొండదారుల్లో తొక్కే సైకిళ్ల మీదే తిరుగుడు. నదుల లోయల వెంట, పాత కోటల మధ్య, ద్రాక్షతోటల్లోంచి ఊరూరూ తిరుగుతారట. కాగితం అడుగున తల్లో తండ్రో సంతకం పెట్టాలి.

"నాకేం అభ్యంతరం లేదు, మీ నాన్ననడుగు," అంది మా ఆవిడ. ఎప్పటిలాగే మంచి పేరు తను తీసుకుని చెడ్డపేరు నాకు వదిలేసింది.

నేను వెంటనే కాదనలేదు. ఇంజనీర్ని కదా, రీసెర్చ్ చేశాను. మూడు వారాలపాటు ఆఫీసులో లంచ్ అయ్యాక కంప్యూటర్లో ఉపగ్రహం తీసిన మ్యాపులు తెరిచి ఆ లోయలన్నీ గాలించాను. ఏ మలుపు దగ్గర ఎంత ఏటవాలుందో, ఏ వంతెనకి పిట్టగోడ లేదో నాకు కంఠతా వచ్చేసింది. ఆ కోటలు ఎవరు కట్టించారో తెలీదు కానీ, ఏ కోట నుంచి దగ్గర్లోని హాస్పిటల్‌కి ఎంత దూరమో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. చదివినకొద్దీ భయం పెరిగింది. భయం అని ఒప్పుకోవడానికి నామోషీ వేసి, దానికి బాధ్యత అని పేరు పెట్టుకున్నాను.

చివరికి ఒక షరతు పెట్టాను. "ముందు నాతో ఒక రైడ్‌కి రా. డెలావేర్ నది లోయలో. నువ్వు సేఫ్‌గా తొక్కగలవని నాకు నమ్మకం కుదిరితే అక్కడే సైన్ చేస్తా."

"నువ్వు నన్ను టెస్ట్ చేస్తావా, నాన్నా?" అంది మా అమ్మాయి, 'నువ్వు' అనే మాటని బాగా ఒత్తుతూ.

అలా ఒత్తి పలకడానికి కారణం ఉంది. తను రెండేళ్లుగా స్నేహితులతో కలిసి అడవి దారుల్లో తొక్కుతోంది. నేనేమో ఇంజనీరింగ్ కాలేజీ రెండో సంవత్సరం తర్వాత సైకిలెక్కలేదు. పరీక్ష పెట్టేవాడికి ఆ పరీక్ష పాసయ్యే అర్హత ఉండాలని ఎక్కడా రూల్ లేదు కాబట్టి వెళ్లి నాకూ ఒక మౌంటెన్ బైక్ కొనుక్కొచ్చాను.

కొత్త బండి అంటే మా ఇంట్లో పూజ చేయించకుండా రోడ్డెక్కదు. గుడికి తీసుకెళ్లాం. పంతులుగారు పళ్లెం పట్టుకుని బయటికొచ్చి పార్కింగ్ లాటంతా కలయజూశారు. "బండి ఎక్కడండీ?" అన్నారు. చూపించాను. పాపం ఆయన సైకిల్‌ని ఓసారి పైనుంచి కిందిదాకా చూశారు. రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి, హ్యాండిల్‌కీ సీటుకీ గంధం, కుంకుమ పెట్టారు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. చక్రం మధ్యలో చిల్లులున్న స్టీలు డిస్క్ ఒకటి తళతళ మెరుస్తూ విష్ణుచక్రంలా కనిపించింది నాకు. "పంతులుగారూ, దానిక్కూడా పెట్టండి," అన్నాను. ఆయన బొటనవేలితో రెండు చక్రాల డిస్కులకీ అటూ ఇటూ దట్టంగా అద్దారు. మా అమ్మాయి స్వెట్‌షర్ట్ టోపీ ముక్కుదాకా లాక్కుని, మాతో సంబంధం లేనట్టు కార్లో కూర్చుంది.

ఆ శుక్రవారం సాయంత్రం అపార్ట్‌మెంట్ చుట్టూ ఓ రౌండు వేశాను. బ్రేకు పట్టగానే కీచుమని వచ్చిన అరుపుకి ఇద్దరు ముగ్గురు బాల్కనీల్లోకి వచ్చారు. చిన్నప్పుడు మా ఊరి అద్దె సైకిళ్ల షాపులో ఏ చప్పుడికైనా ఒకటే మందు, నూనె. మా ఆవిడ తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా తెచ్చి రెండు డిస్కుల మీదా ధారగా పోశాను. వేళ్లతో శ్రద్ధగా మర్దనా కూడా చేశాను. మళ్లీ బ్రేకు పట్టి చూస్తే చప్పుడనేదే లేదు. ఎంత మెత్తగా ఉందంటే, అసలు బ్రేకు వెయ్యనట్టే ఉంది. ఆ మాట నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

"బ్రేక్స్ ముట్టుకోకు నాన్నా, పొద్దున నేను చెక్ చేస్తా," అంది మా అమ్మాయి లోపల్నుంచి.

"నేను చూసేశాను. పర్ఫెక్ట్‌గా ఉన్నాయి," అన్నాను.

మర్నాడు నది ఒడ్డున ఫ్రెంచ్‌టౌన్ అనే చిన్న ఊళ్లో కారు పార్క్ చేశాం. ఫ్రాన్స్ పరీక్షకి ఆ ఊరు ఎంచుకోవడం నా జోకు. మా అమ్మాయి నవ్వలేదు. నా వీపు మీద బ్యాగులో నలుగురికి సరిపడా పులిహోర, రెండు డబ్బాల పెరుగన్నం, నాలుగు నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ కవర్లో ఆ కాగితం ఉన్నాయి. సోమవారం లోపల ఇవ్వకపోతే తన సీటు ఇంకొకరికి పోతుంది.

నది పక్కన పాత రైలుపట్టాలు తీసేసి వేసిన మట్టిదారి అది. అరచేతిలా చదునుగా ఉంది. ఎండలో నీళ్లు మెరుస్తున్నాయి, పక్కన రెండువందల ఏళ్లనాటి రాతి ఇళ్లు. నేను అవేవీ చూడలేదు. వెనక తొక్కుతూ వ్యాఖ్యానం చెప్తున్నాను. "కుడిపక్క ఉండు. ముందు చూడు. బ్రేక్ మీద వేలుంచు. బ్రేక్ వెయ్యి, బ్రేక్!" చదును దారి కాబట్టి నాకు మాత్రం బ్రేకుతో పని పడలేదు. ఆగాల్సి వస్తే కాలు కింద పెట్టేశాను.

"ఇది టెస్టే కాదు నాన్నా, అంతా ఫ్లాట్. పైన గ్రావెల్ రోడ్ ఉంది. వెళ్దామా?" అంది.

పరీక్షాధికారి కాదనలేడు కదా. తను తొక్కుతూ ఎక్కింది. నేను బండిని తోసుకుంటూ, మధ్యమధ్య ప్రకృతి సౌందర్యం చూస్తున్నట్టు నిలబడుతూ ఎక్కాను. పైకొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కానీ అక్కడి నుంచి లోయంతా కనిపించింది. కింద వంకర్లు తిరిగిన నది, పాత పిండిమర, ఎర్ర కొట్టాం, కంచె లోపల గుర్రాలు. "ఫ్రాన్స్ కూడా ఇలాగే ఉంటుందేమో," అంది. టీచర్ చూపించిన ఫొటోల గురించి, ఒక ఊళ్లో గుహలోనే కట్టిన ఇళ్ల గురించి చెప్తూనే ఉంది. ఆ ఏడాదిలో నాతో అంత సేపు మాట్లాడటం అదే మొదలు. నాకు చాలా సంతోషమేసింది. ఆ సంతోషంలోనే ఒళ్లు మరిచిపోయాను.

"దిగేటప్పుడు నేను ముందు వెళ్తా. బ్రేక్ ఎలా వెయ్యాలో చూసి నేర్చుకో," అన్నాను.

మొదటి వంద గజాలు బాగానే ఉంది. తర్వాత బ్రేకు పట్టాను. పిడి హ్యాండిల్‌కి అంటుకుంది తప్ప బండి వేగం తగ్గలేదు. రెండో బ్రేకూ అంతే. పులిహోర బరువు వెనక నుంచి తోస్తోంది. "బ్రేక్! బ్రేక్!" అని గొంతు చించుకున్నాను.

పొద్దుట్నుంచి ఓ ముప్పైసార్లు అదే మాట అని ఉంటాను. అందుకని తనకే చెప్తున్నాననుకుని మా అమ్మాయి చక్కగా బ్రేకు వేసి, రోడ్డు పక్కకి ఆగి, ఒక కాలు నేలకి ఆన్చింది. పరీక్ష ఆ క్షణంలోనే పాసయింది.

నేను మలుపు దగ్గర రోడ్డు వదిలేసి, కొట్టాం పక్కనున్న గుర్రపు లద్దె కుప్పలోకి వెళ్లిపోయాను. భుజాల దాకా కూరుకుపోయి తలెత్తి చూస్తే, కంచె మీంచి గోధుమరంగు గుర్రం నన్నే చూస్తోంది.

మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. మొహం పాలిపోయింది. "కదలకు. వేళ్లు కదుపు. నెక్ నొప్పి ఉందా? నా బర్త్‌డే ఎప్పుడు?" చెప్పాను. "అమ్మ బర్త్‌డే?" తడబడ్డాను. "ఓకే, నార్మల్," అంది.

అప్పుడు నా బండి వైపు చూసింది. డిస్క్ మీద వేలు రాసి వాసన చూసింది. "ఇది అమ్మ హెయిర్ ఆయిల్. నాన్నా, బ్రేక్స్‌కి ఆయిల్ పెట్టావా? ఈ డిస్క్‌ని ప్యాడ్స్ పట్టి రుద్దుకుంటేనే కదా ఆగేది!"

నేను మెకానికల్ ఇంజనీర్ని. ఘర్షణ మీద పరీక్ష రాసి డెబ్బై ఎనిమిది మార్కులు తెచ్చుకున్నవాణ్ని. అలాంటప్పుడు నోరు మూసుకుని ఉండొచ్చు కదా. లద్దెలో కూర్చునే, "చూశావా, ఇందుకే నాకు భయం. ఇలాంటి కొండల్లో ఏమైనా జరగొచ్చు," అన్నాను.

తను నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కళ్లనిండా నీళ్లు. "నో చెప్పడానికి ఇది వాడుకుంటావని నాకు తెలుసు. పడింది నువ్వు, నాన్నా. నేను ఆగాను."

సిగ్గుతో చచ్చిపోయాను. మూడు వారాలు మ్యాపుల్లో వెతికిన ప్రమాదం ఫ్రాన్స్‌లో లేదు, మా ఇంట్లోనే సీసా పట్టుకుని కూర్చుంది. నా తప్పుకి శిక్ష తనకి వెయ్యబోయాను.

తను కళ్లు తుడుచుకుంది. నా బండి లేపి, తన బండి నాకిచ్చింది. "నాది పట్టుకో. బ్రేక్స్ ఉన్నాయి." కిందిదాకా నడిచాం. తను నా బండిని పట్టుకుని ముందు, నేను వెనక. ఈసారి వ్యాఖ్యానం లేదు.

నది దగ్గర నీళ్ల పంపు కింద ఒళ్లూ, దోక్కుపోయిన మోచెయ్యీ కడుక్కున్నాను. వాసన మాత్రం పోలేదు. బల్ల మీద కూర్చుని కాగితం తీశాను. పులిహోర డబ్బా మూత ఊడి, కవర్లోకి కూడా వెళ్లి, ఓ మూల పసుపురంగు అయింది. తను నది వైపు తిరిగి కూర్చుంది, నా చేతుల వైపు చూడకుండా.

సంతకం పెట్టాను. దాని పైన, అత్యవసరమైతే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నచోట ఫిబ్రవరిలోనే నా నంబరు పెద్ద పెద్ద అంకెలతో రాసి ఉంచుకున్నాను. అది కొట్టేసి మా ఆవిడ నంబరు రాసి, కాగితం తనవైపు జరిపాను.

చదివింది. సంతకం మీద వేలు పెట్టి చూసుకుంది. తర్వాత మళ్లీ నావైపు జరిపింది.

"సెకండ్ లైన్‌లో నీది రాయి."

"నాకెందుకు? చేస్తే ఏం చెప్తాను, నూనె పెట్టమనా?"

"బ్రేక్స్ కోసం కాదు," అంది, పులిహోర డబ్బా తన దగ్గరికి లాక్కుంటూ. "నాకు భయమేస్తే."

రెండో గీత మీద నా నంబరు రాశాను. అంకెలు వంకరగా పడ్డాయి. మోచెయ్యి దోక్కుపోయింది కదా, అందుకేనని తనకి చెప్పాను.