వైజాగ్ కుర్రాడి సాఫ్ట్‌వేర్

నర్సీపట్నంలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే జగదీశ్వరరావు రెండు వేల అయిదులో తెలుగు టైపింగ్‌కి సొంతంగా ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, చేతనైనవాళ్లు లోపలి కోడ్ కూడా మార్చుకోవచ్చు. సీడీల్లో వేసి ఊళ్లో డీటీపీ షాపులన్నిటికీ పంచిపెట్టాడు. నెలలు గడిచినా ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. వాడేవాళ్లకి ఏం ఇబ్బందిగా ఉందో తెలియందే మార్పులు చేయడం కుదరదు. అందుకని తనే అడగడానికి బయల్దేరాడు.

వెళ్లిన ప్రతిచోటా కుర్చీ వేశారు, టీ తెప్పించారు, చాలా బాగుందన్నారు. లోపాలేమైనా ఉన్నాయా అంటే, మాస్టారు చేసినదానికి వంకలు పెట్టేంతటివాళ్లమా అని నొచ్చుకున్నారు. సాయంత్రానికి కడుపు నిండా టీ మిగిలింది.

మర్నాడు అబీద్ సెంటర్‌లో పెళ్లికార్డులు వేసే సింహాద్రమ్మ షాపుకి వెళ్లాడు. ఆవిడా బాగుందనబోతుంటే విసుగెత్తిపోయి, "ఇది నేను చేసింది కాదమ్మా. వైజాగ్‌లో ఒక కుర్రాడు చేశాడు. నేను ఊరికే పంచిపెట్టాను," అన్నాడు.

సింహాద్రమ్మ మొహం విప్పారింది.

"అలా సెప్పండి మరి. ఆ కుర్రోడెవడో గానండి, తెలుగు బడి మొహం సూసినోడు కాడు. 'క్ష' కొడితే సాలు, కంప్యూటర్ బిగుసుకుపోతంది. పెళ్లికూతురి పేరులో లక్ష్మి ఉంటే కార్డు పక్క షాపుకి పంపేత్తన్నాను. ఈ సుట్టుపక్కల లక్ష్మి కాని పెళ్లికూతురు ఎక్కడుందండి?"

జగదీశ్వరరావు జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. ఆ రోజు నుంచీ అన్నిచోట్లా అదే అబద్ధం ఆడాడు. తిట్లు ధారాళంగా వచ్చాయి. అర్జీలు టైపు చేసే సింగన్న ఆ కుర్రాడి చదువుతో మొదలుపెట్టి పెంపకం దాకా వెళ్లాడు. జగదీశ్వరరావు తలూపుతూ అదీ రాసుకున్నాడు.

ఇంటికొచ్చి భార్య దుర్గకి చదివి వినిపిస్తే, ఆవిడ తీరిగ్గా విని, "ఇన్నాళ్లూ నానొక్కదాన్నే సెప్తన్నాననుకున్నాను," అంది.

ఒక్కొక్క తప్పూ దిద్ది కొత్త సీడీలు పంచాడు. ఈసారి 'క్ష' గుండ్రంగా వచ్చి కూర్చుంది. షాపులవాళ్లంతా మురిసిపోయి, ఆ వైజాగ్ కుర్రాణ్ణి పిలిపించి సన్మానం చేయాలనుకున్నారు. ఇక తప్పక, అది తానేనని జగదీశ్వరరావు ఒప్పుకున్నాడు. ఎవరూ నమ్మలేదు.

"పరాయోడి కష్టాన్ని మీదేనని సెప్పుకోడం మీకు తగదండి, మాస్టారూ," అని సింహాద్రమ్మ మెత్తగా మందలించి, తెచ్చిన శాలువా కాగితంలో చుట్టి, ఆ కుర్రాడికి అందజేయమని చేతిలో పెట్టింది.

తప్పకుండా ఇస్తానన్నాడు జగదీశ్వరరావు. ఆ చలికాలమంతా అది కప్పుకునే కోడ్ రాసుకున్నాడు.