తోట గేటు బయట పీహెచ్‌డీ

పీహెచ్‌డీలో చేరుతున్నానని శిరీష చెప్పినప్పుడు డాక్టరు సుబ్రహ్మణ్యం గారు నవ్వారు. ఎగతాళి నవ్వేం కాదు. నూజివీడులో ఆయన నడిపే ఆస్పత్రిలో మందుల కౌంటరు చూసే మనిషి, పెళ్ళై హైస్కూలుకెళ్ళే కూతురున్న మనిషి, ఉన్నట్టుండి ఇలాంటి మాట అంటుందని ఆయన అనుకోలేదు.

"ఇప్పుడెందుకమ్మా? అది చేస్తే జీతం పెంచుతాననుకుంటున్నావా?"

"పెంచకపోయినా చేస్తానండీ. పార్ట్‌టైమే. ఉద్యోగం మానను. మీకు అభ్యంతరం లేదని సంతకం పెడితే చాలు."

ఆయన పెట్టారు. మొదటి పరీక్ష దగ్గరే ఆగిపోతుందిలే అనుకుని పెట్టానని తరవాత ఆయనే అన్నారు.

శిరీషది ఆగిరిపల్లి మండలంలోని ఒక చిన్న ఊరు. నాన్న పోతురాజు చెట్లెక్కి, చిక్కం కట్టిన గడతో మామిడికాయలు కోసేవాడు. అమ్మ నాగేంద్రమ్మ ఆ కాయల్ని ట్రేలకెత్తి, చెట్ల కింద నుంచి లారీ దాకా మోసేది. వేసవి సెలవులొస్తే శిరీష కూడా తోటలోనే ఉండేది. సొన పడి చేతుల మీద మచ్చలు తేలేవి. స్కాలర్‌షిప్పుల మీద బీ ఫార్మసీ, ఆ పైన ఎం ఫార్మసీ చదివింది. అప్పుడే పీహెచ్‌డీ చెయ్యాలనుకుంది గానీ, ఇంట్లో తిండికి తన జీతం అవసరం పడింది. ఉద్యోగంలో చేరింది. హనుమాన్ జంక్షన్లో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగులు చూసే నాగరాజును పెళ్ళి చేసుకుంది. ఆ కోరిక మాత్రం పోలేదు.

"నీ ఇష్టం శిరీషా, నన్ను మాత్రం వంట చెయ్యమని అడక్కు" అన్నాడు నాగరాజు.

"అడగను. నేర్చుకో, అడిగే పనుండదు" అంది.

నెల తిరిగేసరికి అతను కుక్కరు పెట్టడం నేర్చుకున్నాడు. కూర మాత్రం ఈ రోజుకీ కర్రీ పాయింటు నుంచే తెస్తాడు.

ఏ విషయం మీద పరిశోధన చెయ్యాలో ఆమెకు ముందే తెలుసు. ప్రతి ఏడూ మామిడి కోతలు మొదలైన కొన్నాళ్ళకి, మొహాలూ కాళ్ళూ వాచిపోయిన ఆడకూలీలు ఆస్పత్రికొచ్చేవారు. ఏం మాత్రలు వాడారని అడిగితే "పొట్లం" అనేవారు. ఒక నొప్పి మాత్ర, ఒక స్టెరాయిడ్, ఒక గ్యాస్ మాత్ర, మూడూ కలిపి కాగితంలో మడిచి ఇచ్చేదే ఆ పొట్లం. దాని మీద పేరుండదు, తేదీ ఉండదు. వేసుకున్న కాసేపటికి నడుం నొప్పి తెలియదు. పొద్దు వాలేదాకా ట్రేలు మోయొచ్చు. కోతలైపోయేదాకా రోజూ వేసుకుంటారు. వాళ్ళ కిడ్నీలు ఏమవుతున్నాయో ఎవరూ లెక్క తీయలేదు. ఆ లెక్క తీస్తానంది శిరీష.

ఆమెకు గైడుగా ఉన్న ప్రొఫెసరు మార్టిన్ గారు నెమ్మదైన మనిషి. "ల్యాబులో చేసే పనైతే నీ చేతిలో ఉంటుందమ్మా. మనుషుల్తో పనంటే నీ చేతిలో ఉండదు" అని హెచ్చరించారు.

"మనుషుల కోసమే చదువుతున్నాను సార్" అంది.

ఆయన ఒప్పుకున్నారు. మనుషుల మీద పరిశోధనకు అనుమతిచ్చే నైతిక కమిటీ కూడా, కూలీలు ఇష్టపడితేనే రక్తం తీసుకోవాలన్న షరతు మీద సరేనంది.

ఆ అనుమతి పట్టుకుని శిరీష బసవపున్నారావు గారింటికి వెళ్ళింది. వాళ్ళ ఊరి చుట్టుపక్కల పెద్ద తోటలన్నీ ఆయనవే. నాగేంద్రమ్మ పనిచేసేదీ ఆయన దగ్గరే. ఆయన కుర్చీ వేయించి, కోసిన బంగినపల్లి ముక్కలు ముందు పెట్టించి, ఆమె చెప్పిందంతా విన్నారు.

"కోతల్లో నా తోటకొచ్చి కూలోళ్ళకి సూదులు గుచ్చుతావా? కుదరదమ్మా. రేపు ఏ పేపర్లోనో పడితే నా కాయ ఎవడు కొంటాడు?"

"ఇది కాయల గురించి కాదండీ, మాత్రల గురించి. మీ పేరు గానీ తోట పేరు గానీ ఎక్కడా రాయను."

"మాత్రలు నేనేమన్నా నోట్లో వేస్తున్నానా? వాళ్ళడుగుతారు, కూలీల మేస్త్రీ తెచ్చిస్తాడు. నా గేటు లోపల మాత్రం ఇవేవీ పెట్టొద్దు."

"సరేనండీ. గేటు బయట పెట్టుకుంటాను."

"ఏంటీ?"

"బయట ఉన్నది పంచాయతీ రోడ్డు కదండీ. అక్కడ బల్ల వేసుకుంటాను. ఇష్టమైనవాళ్ళు ఆగుతారు, లేనివాళ్ళు పోతారు."

బసవపున్నారావు గారికి కోపం రాలేదు. పోతురాజు కూతురు తన ముందు కూర్చుని ఆ మాట అన్నదన్న సంగతి బుర్రకెక్కడానికే ఆయనకు కాస్త సమయం పట్టింది.

అన్నట్టే వేసింది. ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే షాలోమి తన స్కూటీ మీద ఐస్ పెట్టె పెట్టుకుని వచ్చేది. తెల్లారగానే ఇద్దరూ తోట గేటు పక్కన ప్లాస్టిక్ బల్ల వేసుకుని కూర్చునేవారు. డ్యూటీ టైముకి నూజివీడు పరుగెత్తేవారు.

మొదటి రోజు కూలీల ట్రాక్టరు ఆగలేదు. వెనక ట్రక్కులో నిలబడ్డ నాగేంద్రమ్మ కూతుర్ని చూసి మొహం తిప్పుకుంది.

ఆ వారం శిరీష పుట్టింటికి వెళ్తే తల్లి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

"నా పని పోగొడతావేమే? నీకు నెల జీతం వస్తది. నాకెవడిస్తాడు?"

"అమ్మా, నీ కాళ్ళు చూసుకున్నావా?"

"చూసుకున్నా. ఇంకా నడుస్తున్నాయి."

పోతురాజు చెట్టెక్కడం మానేసి చాలా కాలమైంది. మంచం మీద నుంచి కూతుర్నీ భార్యనీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు.

ముందుగా ట్రాక్టరు ఆపించి దిగింది మాణిక్యమ్మ. చెప్పులు పట్టనంతగా ఆమె పాదాలు వాచాయి. "ఎవరేమన్నా అనుకోండి, నాకు చూడమ్మా" అని చెయ్యి చాపింది. మేస్త్రీ కేకలేస్తుంటే "అరుసుకో, కాయలేం పారిపోవులే" అంది. మర్నాడు ఆమె వెనక ఇంకొందరు దిగారు. పరీక్షలో ఏం తేలిందో శిరీష ఎవరిది వాళ్ళకే విడిగా, అర్థమయ్యేలా చెప్పేది. ఆ తరవాత పిలవకుండానే వచ్చేవారు.

పని సాగుతోందనుకునేసరికి బసవపున్నారావు గారు సుబ్రహ్మణ్యం గారికి ఫోన్ చేశారు. ఊళ్ళో పెద్ద రైతు, కుటుంబమంతా ఆ ఆస్పత్రికే వస్తారు. డాక్టరు గారు శిరీషను గదిలోకి పిలిచారు.

"ఈ గొడవ నాకెందుకమ్మా? అదన్నా మానెయ్, ఉద్యోగమన్నా మానెయ్."

"రెండూ మాననండీ. కౌంటర్లో నా పనికి వంకేమన్నా ఉందా?"

"లేదనుకో."

"అయితే నన్ను తీసెయ్యాలంటే కారణం కాగితం మీద రాసి తీసెయ్యండి. నేనుగా వెళ్ళను."

ఆయన రాయలేదు. కానీ మర్నాటి నుంచి ఆమెకు తెల్లవారుజాము డ్యూటీ వేశారు. కూలీలు తోటకెళ్ళే వేళకి ఆమె కౌంటర్లో ఉండాలి. పోనీ సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు రక్తం తీద్దామంటే, ముందు చెప్పిన పద్ధతి మార్చినట్టవుతుంది. మళ్ళీ కమిటీ అనుమతి కావాలి. అది వచ్చేసరికి కోతలైపోయాయి. చెట్ల మీద కాయలేదు, తోటల్లో మనుషుల్లేరు. మామిడికి ఏడాదికొక్కటే కాపు. శిరీష చదువులో ఒక ఏడాది అలా పోయింది.

ఆ రోజు ఆమె ఏడ్చింది. నాగరాజు ఓదార్చబోతే "బాధతో కాదు, ఒళ్ళు మండి ఏడుస్తున్నా" అని కసిరింది.

మరుసటి ఏడు పూత రాలి పిందె కట్టేసరికి, సాయంత్రాలు పని చేసుకునే అనుమతి చేతిలో పెట్టుకుని సిద్ధంగా ఉంది. అదే రోడ్డు, అదే గేటు. ఈసారి బల్ల పక్కన ఒక బెంచీ కూడా వేసింది.

ప్రశ్నలడుగుతున్నప్పుడు ఒక సంగతి బయటపడింది. ఎండలో పనిచేసే ఆడవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళయినా సరిగ్గా తాగడం లేదు.

"దాహం వెయ్యదా?" అని అడిగింది శిరీష.

"వెయ్యకేం? తాగితే ఎక్కడికెళ్ళమంటావు? తోటంతా మగాళ్ళే కదా" అంది మాణిక్యమ్మ.

శిరీష చిన్నప్పుడు అమ్మ కూడా తోటలో నీళ్ళు తాగేది కాదు. తనని తాగనిచ్చేది కూడా కాదు. ఎందుకని శిరీష ఎన్నడూ అడగలేదు.

ఒంట్లో నీళ్ళు లేనప్పుడు ఆ నొప్పి మాత్రలు కిడ్నీలను మరింత దెబ్బతీస్తాయి. అది చదువుకున్న విషయమే. ఇక్కడ అది పరీక్షల్లో కూడా కనబడుతోంది. పొట్లం వేసుకున్న మగవాళ్ళ కంటే ఆడవాళ్ళ ఫలితాలు అధ్వాన్నంగా ఉన్నాయి. దాని మీద ఆమె ఒక అధ్యాయమే రాసింది. అది చదివి మార్టిన్ గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"మరుగుదొడ్ల గురించి ఫార్మసీ థీసిస్‌లో ఏంటమ్మా? దాన్ని పరిశీలించే కమిటీ ఒప్పుకోదు. తీసెయ్, సులువుగా గట్టెక్కుతావు."

"మాత్ర గురించి రాసి నీళ్ళ గురించి మానేస్తే సగమే రాసినట్టు సార్. సగం రాసి పట్టా తీసుకోను."

"తిప్పి పంపితే మళ్ళీ ఏడాది పోతుంది."

"ఒకటి పోయింది కద సార్. ఇంకోటి పోనివ్వండి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని "అయితే గట్టిగా రాయి. ఎవరూ వేలెత్తి చూపకుండా రాయి" అన్నారు. ఆ అధ్యాయాన్ని ఆమె ఎన్నోసార్లు తిరగరాసింది. ప్రతిసారీ ఆయన ఓపిగ్గా చదివారు.

ఆ రెండో ఏడు కోతల్లోనే ఒక సాయంత్రం నాగేంద్రమ్మ ట్రాక్టరు దిగి బెంచీ మీద కూర్చుంది. కూతురి వంక చూడకుండా షాలోమి వైపు చెయ్యి చాపింది. ఫలితం బాగాలేదు. మరీ ప్రమాదం కాదు గానీ, పొట్లం మానకపోతే ప్రమాదమే. సొంత తల్లి కాబట్టి ఆ ఫలితాన్ని శిరీష పరిశోధనలో చేర్చలేదు. డాక్టరుకి చూపించింది. పొట్లం మానేశాక నాగేంద్రమ్మ నడుం ట్రేలు మోయనివ్వలేదు. నీడలో కూర్చుని కాయల్ని సైజుల వారీగా ఏరే పనికి మారింది. దానికి కూలి తక్కువ. ఆ సంగతి కూతురికి చెప్పి మరీ మారింది.

చివరి పరీక్షకి శిరీష నూజివీడు నుంచి ఒక్కతే బస్సెక్కి యూనివర్సిటీకి వెళ్ళింది. ఎదుట కూర్చుని ప్రశ్నించేందుకు వేరే రాష్ట్రం నుంచి ఒక ప్రొఫెసరు వచ్చారు. మరుగుదొడ్ల అధ్యాయం గురించి ఆయన పెద్దగా తగాదా పడలేదు. ఇంకో చోట పట్టుకున్నారు.

"మీరూ ఆ కూలీల కుటుంబం నుంచే వచ్చారని విన్నాను. మీ వాళ్ళ మీద మీరే పరిశోధన చేస్తే, వాళ్ళ వైపు మొగ్గు లేకుండా ఎలా ఉంటుంది?"

హాల్లో వెనక కూర్చున్న విద్యార్థులు తలెత్తారు.

"రక్తం పరీక్ష చేసే మిషనుకి నేనెవరి కూతురినో తెలియదు సార్. మా అమ్మ ఫలితం ఇందులో లేదు. మిగతావి ఇంకో ల్యాబులో కూడా పరీక్ష చేయించాను, ఆ అంకెలు కూడా మీ ముందున్నాయి. నాకు మొగ్గున్న మాట నిజమే. మొగ్గుంది కాబట్టే అడిగాను. లేనివాళ్ళు ఇన్నేళ్ళూ అడగలేదు."

ఆయన థీసిస్ తిరగేసి రెండో ల్యాబు అంకెలు ఒక్కొక్కటే చూశారు. ఆ పైన ఇంకా చాలా అడిగారు. కొన్నిటికి ఆమె దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పింది. సాయంత్రానికి పట్టా ఇవ్వవచ్చని రాసి సంతకం చేశారు.

తరవాతి వారం శిరీష కొత్త బ్యాడ్జీ పెట్టుకుని డ్యూటీకి వచ్చింది. దాని మీద "డా. శిరీష" అని ఉంది. సుబ్రహ్మణ్యం గారు చూశారు.

"ఆస్పత్రిలో ఇదేంటమ్మా? పేషెంట్లు నువ్వే డాక్టరువనుకుంటే?"

"కింద చదవండి సార్. ఫార్మసిస్టు అని పేరు కంటే పెద్దక్షరాల్లో వేయించాను. ఎవరూ పొరబడరు. పేరు ముందున్న ఆ అక్షరం మాత్రం తియ్యను."

ఆయన కిందిదీ చదివారు, పైదీ చదివారు. "టీ తాగావా?" అని మాట మార్చారు. జీతం పెంచలేదు. ఆమె కూడా అడగలేదు. తెల్లవారుజాము డ్యూటీ మాత్రం తీసేయించుకుంది.

ఆ ఏడు కోతలు మొదలైన రోజు శిరీష డ్యూటీకొచ్చిన కాసేపటికే నాగేంద్రమ్మ ఫోన్ చేసింది. వెనక ట్రాక్టరు ఇంజను చప్పుడు, ఆడవాళ్ళ గోల.

"మేం ట్రాక్టరు దిగలేదే" అంది.

"ఏంటమ్మా, ఏమైంది?"

నాగేంద్రమ్మ చెప్పుకొచ్చింది. చాటుగా ఒక మరుగుదొడ్డి కట్టి, మంచినీళ్ళు పెడితే గానీ కాయ ముట్టుకోమని ఆడకూలీలంతా గేటు ముందు ట్రక్కులోనే కూర్చున్నారు. పొట్లాలు తెస్తే మేస్త్రీనే మింగమంటామని మాణిక్యమ్మ అరిచింది. బసవపున్నారావు గారు బండేసుకుని వచ్చారు. "ఏం నాగేంద్రమ్మా, ఇదంతా నీ కూతురు నేర్పిందేనా?" అని అడిగారు.

"నువ్వేమన్నావు?" అంది శిరీష.

"నా కూతురికి నేర్పింది నేనండీ అన్నా."

శిరీష మందుల అట్టపెట్టె పక్కన పెట్టి కుర్చీలో కూర్చుండిపోయింది. "నేను బయల్దేరి రానా?" అంది.

"నువ్వెందుకు? నీ పని చూసుకో. అదిగో, గుంజలు పాతుతున్నారు. టార్పాలిన్‌కి ఆయనే మనిషిని పంపించాడు. ఆ టార్పాలిన్ పట్టా సరిగ్గా కట్టకపోతే దిగినా మళ్ళీ ట్రక్కెక్కి కూర్చుంటాం" అంది నాగేంద్రమ్మ, అటు ఎవరినో "ఇంకొంచెం ఎత్తుగా కట్టండ్రా" అని కేకేస్తూ.